టి కణాలది అలసటా, మొద్దుబారడమా?

అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను, సాయం చేయండి.

హెపటైటిస్ వైరస్‌లు ఒంట్లో ఏళ్లతరబడి ఎలా తిష్ఠ వేస్తాయో చెబుతూ మా ఊరివాళ్ల కోసం రెండు పేజీల కరపత్రం రాస్తున్నాను. సిగ్నల్‌ని పుస్తకాల్లో సంకేతం అంటారు కానీ నేను 'కబురు' అని రాశాను. హెపటైటిస్-సి చేసే పని చూడండి. కాలేయ కణంలోకి వైరస్ ఆర్‌ఎన్‌ఏ రాగానే రిగ్-ఐ అనే ప్రోటీన్ పసిగట్టి, మైటోకాండ్రియాను అంటిపెట్టుకుని ఉండే మావ్స్ అనే ప్రోటీన్‌కి చెబుతుంది. అక్కడినుంచి కబురు కేంద్రకానికి చేరితే వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. సి వైరస్ తన ఎంజైమ్‌తో ఆ మావ్స్‌నే కోసేస్తుంది. ఈ సంగతి 2005లో బయటపడింది. 'కబురు దారిలోనే తెగిపోయింది' అని చదివితే మా అమ్మకు వెంటనే అర్థమైంది. (హెపటైటిస్-ఏ కూడా మావ్స్‌ని కోస్తుంది, అయినా తిష్ఠ వేయదు. కాబట్టి కథ ఇంతటితో అయిపోదు.)

చిక్కంతా తర్వాతి మాటతోనే. వైరస్‌తో ఏళ్లతరబడి తలపడి టి కణాలు (వైరస్ సోకిన కణాల పని పట్టే ఒక రకం తెల్ల రక్తకణాలు) పని మానేసే స్థితిని ఇంగ్లీషులో ఎగ్జాషన్ అంటారు. 'అలసట' అని రాసి మా మేనమామకు వినిపించాను. ఆయనకు హెపటైటిస్-బి ఉంది. "అలసిపోతే నాలుగు రోజులు రెస్ట్ ఇస్తే లేస్తాయి కదరా?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. అలసట అంటే విశ్రాంతితో తీరేది. ఇది అలా తీరేది కాదు. వైరస్ ముక్కలు అదేపనిగా ఎదురవుతుంటే టి కణం మీద పీడీ-1 లాంటి బ్రేకులు పెరుగుతాయి. కణం చావదు, అక్కడే ఉంటుంది, కానీ పలకదు.

వ్యాఖ్య: 'డస్సిపోవడం' అంటే సరిపోతుందేమో అండీ. మంచి మాట, వాడుకలో తగ్గిపోతోంది.

నా జవాబు: నాకూ ఇష్టమైన మాటే అండీ. కానీ డస్సినవాడు కూడా కాసేపు కూర్చుంటే తేరుకుంటాడు.

వ్యాఖ్య: 'మొద్దుబారడం' చూడండి. తిట్లు తిని తిని మొద్దుబారిపోయాడు అంటాం కదా. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు అన్న సామెత కూడా ఇదే.

నా జవాబు: మాస్టారూ, దండాలు! సామెత బి వైరస్‌కి అచ్చంగా కుదిరింది. దాని అసలు వైరస్ రేణువు ఒక్కటి ఉంటే, లోపల ఏమీ లేని ఉత్త తొడుగులు వేలల్లో రక్తంలో తిరుగుతాయి. రోజూ అంత సరుకు కళ్లబడుతుంటే ఏ టి కణం ఎంతకని స్పందిస్తుంది! ఇంకో లాభం కూడా ఉంది. మొద్దుబారిన కత్తిని సానపట్టవచ్చు. పీడీ-1ను అడ్డుకుంటే మొద్దుబారిన టి కణాలు కొంతమేర పనిలోకి వస్తాయని 2006లో ఎలుకల్లో చూశారు. కొంతమేరే, పూర్తిగా కాదు.

రాత్రి మామయ్యకు మార్చి వినిపించాను. ఈసారి రెస్ట్ ఊసెత్తలేదు. "మరి నేను రోజూ వేసుకునే మాత్ర సాన పట్టేదేనా?" అన్నాడు. కాదు మామయ్యా, అది వైరస్ పెరగకుండా పట్టి ఉంచేది, అందుకే మానకూడదు అని చెప్పాను. ఆ ప్రశ్నను, జవాబును అలాగే కరపత్రంలో పెట్టేశాను.