రెండు సెక్షన్లతో పోలిక పెడితే పరిశోధన అవుతుందా? మొదటి విద్యా పరిశోధనకు సలహా కావాలి

భిన్నాల టీచర్ అడిగారు:

నమస్కారం. 7వ తరగతి రెండు సెక్షన్లకు గణితం చెబుతున్నాను, ఒక్కోదాంట్లో 40 మంది. జవాబు రాసే ముందు పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరికొకరు వివరించుకుంటే భిన్నాలు బాగా వస్తాయా అన్నది పరిశోధనగా చేయాలనుకుంటున్నాను. అనుకున్న పద్ధతి ఇది: ‘ఏ’ (A) సెక్షన్లో జంట చర్చ, బి సెక్షన్లో మామూలు బోధన, మొత్తం 6 వారాలు. ముందు 30 ప్రశ్నల పరీక్ష, చివర మళ్లీ అదే. రెండు సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే టి-పరీక్ష. ఆఖరున పిల్లల అభిప్రాయాలకు 20 వాక్యాల ప్రశ్నావళి.

మూడు సందేహాలు. ఈ డిజైన్ నిలబడుతుందా? పరీక్ష నేనే తయారు చేసుకోవచ్చా? పరిశోధన పద్ధతులు నేర్చుకోవాలంటే ముందు గణాంకాలు చదవాలా, పాత పరిశోధనా పత్రాలు చదవాలా?

సగటు_విచలనం:

మేడమ్, పట్టికలో 80 మంది కనిపిస్తారు గానీ పోలికలో ఉన్నవి రెండే. జంట చర్చ ఎవరికి అన్నది మీరు పిల్లల వారీగా నిర్ణయించలేదు, సెక్షన్ వారీగా నిర్ణయించారు. ఏ సెక్షన్‌కు గణితం పొద్దున మొదటి పీరియడ్, బి సెక్షన్‌కు మధ్యాహ్నం చివరిది అయితే, చివర్లో వచ్చిన తేడా జంట చర్చదా, పీరియడ్‌దా? చెప్పే దారి లేదు.

దీన్ని అంకెల్లో చూడండి. ఒకే తరగతి పిల్లల మార్కులు ఎంతో కొంత ఒకేలా నడుస్తాయి, ఎందుకంటే టీచరు, గది, సందడి అన్నీ ఒకటే. ఆ పోలికను కొలిచేది ఇంట్రాక్లాస్ కోరిలేషన్. బడి మార్కుల్లో అది 0.10 నుంచి 0.25 వరకు ఉండటం మామూలే. 0.15 అనుకుందాం. ఈ పోలిక వల్ల సమాచారం ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + (40 − 1) × 0.15, అంటే 6.85. 80ని దాంతో భాగిస్తే 12కి కాస్త తక్కువ. మీ 80 మంది ఇచ్చే సమాచారం, విడివిడిగా ఎంచుకున్న 12 మంది ఇచ్చేపాటిదే. పిల్లల్ని ఒక్కొక్కరిగా లాటరీ తీసి రెండు గుంపులు చేసినా, ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సగమంత తేడాను 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి గుంపుకు 64 మంది కావాలి. పైగా చెరో సెక్షనే ఉన్నప్పుడు ఈ లెక్కతో సవరించినా పని జరగదు. సెక్షన్ తేడానీ పద్ధతి తేడానీ విడదీయడానికి మూడో సెక్షన్ లేదుగా.

అందుకని మానేయమని కాదు. ప్రశ్న మార్చండి. "జంట చర్చ మార్కులు పెంచుతుందా" అన్నదానికి చాలా సెక్షన్లు కావాలి. "భిన్నాలను పోల్చేటప్పుడు పిల్లలు ఏ తప్పు సూత్రాలు వాడుతున్నారు, జంటలో వివరించుకున్నప్పుడు వాటిలో ఏవి కదులుతున్నాయి, ఏవి కదలడం లేదు" అన్నదానికి మీ దగ్గరున్న పిల్లలు చాలు. ఇది చిన్న ప్రశ్న అనుకోకండి, టీచర్లకు పనికొచ్చేది ఇదే.

పోలిక కూడా ఉండాలనుకుంటే పాఠాన్ని బట్టి తిప్పండి. మొదటి 3 వారాలు భిన్నాల పోలిక: ఏ సెక్షన్‌కు జంట చర్చ, బి సెక్షన్‌కు మామూలుగా. తర్వాతి 3 వారాలు భిన్నాల కూడిక: ఈసారి జంట చర్చ బి సెక్షన్‌కు. రెండుసార్లూ జంట చర్చ ఉన్న వైపే మెరుగు కనిపిస్తే, ఒక సెక్షన్ మంచిది కాబట్టి అలా వచ్చిందనే వాదన బలహీనపడుతుంది. పూర్తిగా పోదు. ఒకే టీచరు రెండూ చెబుతున్నారు, తనకు నమ్మకమున్న పద్ధతి చెప్పేటప్పుడు తెలియకుండానే ఎక్కువ శ్రద్ధ పెడతారు. అది పరిమితిగా రాసుకోవాల్సిందే.

విశ్లేషణలో తరచు జరిగే తప్పు ఇంకోటి. ఏ సెక్షన్లో ముందు-తర్వాత తేడా గణాంకపరంగా సార్థకం (యాదృచ్ఛికం అనలేనంత) వచ్చింది, బి సెక్షన్లో రాలేదు, కాబట్టి పద్ధతి పనిచేసిందని రాసేస్తారు. ఆ రెండు పరీక్షలూ సెక్షన్లను పోల్చనే లేదు. పెరుగుదలను పెరుగుదలతో పోల్చాలి, లేదా ప్రీటెస్ట్ మార్కును అదుపులో పెట్టి పోస్ట్‌టెస్ట్‌ను చూసే ఆన్‌కోవా (ANCOVA) విశ్లేషణ చేయాలి. అలాగే ప్రీటెస్ట్‌లో అడుగున ఉన్న 10 మందిని విడిగా తీసి "వీళ్లు బాగా పెరిగారు" అనకండి. ఆ రోజు ఏ కారణం చేతో తక్కువ వచ్చినవాళ్లు కూడా ఆ 10 మందిలో ఉంటారు. వాళ్లకు ఏమీ చెప్పకపోయినా రెండోసారి మార్కులు సగటు వైపు జరుగుతాయి.

ప్రశ్నపత్రం:

పరీక్ష మీరే తయారు చేసుకోవచ్చు. కానీ 30 ప్రశ్నల మొత్తం మార్కు మీద ఆధారపడకండి. ఒక్కో ప్రశ్న ఏ తప్పును బయటపెట్టాలో ముందే రాసుకుని, ఆ తర్వాతే అంకెలు ఎంచుకోండి.

3/5, 2/7లో ఏది పెద్దది? లవాలు మాత్రమే చూసే పిల్ల 3 పెద్దది కాబట్టి 3/5 అంటుంది. హారం చిన్నదైతే భిన్నం పెద్దదని బట్టీపట్టిన పిల్ల కూడా 3/5 అంటుంది. నిజంగా అర్థమైన పిల్లదీ అదే జవాబు. ముగ్గురికీ మార్కు పడింది, మీకు మాత్రం ఏమీ తెలియలేదు.

బదులుగా ఈ మూడూ పెట్టి చూడండి. 3/4, 5/8: లవహారాలను మామూలు అంకెల్లా చూసేవాళ్లు 5/8 అంటారు, పట్టుబడతారు. 7/9, 3/5: వాళ్లే 7/9 అని ఒప్పు రాస్తారు, ఈసారి "చిన్న హారమే పెద్ద భిన్నం" వాళ్లు 3/5 అని దొరికిపోతారు. 5/6, 7/8: లవానికీ హారానికీ మధ్య తేడా చూసేవాళ్లు రెండింటిలోనూ ఒకటే తక్కువ కదా అని "సమానం" అంటారు. మూడు జవాబులూ కలిపి చదివితే ఆ పిల్ల తలలో ఏ సూత్రం ఉందో చాలావరకు కనిపిస్తుంది. ప్రతి ప్రశ్న కింద "ఎలా అనుకున్నావు?" అని రెండు గీతలు వదలండి. గుడ్డిగా గుర్తు పెట్టినవి ఆ గీతల దగ్గరే తెలిసిపోతాయి. ఇలా చేస్తే 30 ప్రశ్నలు ఒక పీరియడ్‌లో పట్టవు, 14 నుంచి 16 చాలు.

తర్వాత ఇదే తరగతి స్థాయిలో, మీ పరిశోధనలో లేని పిల్లలకు ముందుగా ఇచ్చి చూడాలి. 100 మంది దొరికితే మార్కుల వరుసలో పై 27 మందినీ కింది 27 మందినీ తీసుకోండి. ఒక ప్రశ్నకు పైవాళ్లలో 22 మంది, కిందివాళ్లలో 10 మంది ఒప్పు రాశారనుకోండి. కఠినతా సూచిక (ఒప్పు రాసినవాళ్ల వంతు) (22 + 10) / 54 = 0.59. విచక్షణా సూచిక (పైవాళ్లనూ కిందివాళ్లనూ ప్రశ్న ఎంత విడదీస్తుందో) (22 − 10) / 27 = 0.44. బాగున్న ప్రశ్న. విచక్షణ 0.20 కంటే తక్కువైతే తిరగరాయండి. రుణ సంఖ్య వస్తే ముందు జవాబుల కీ చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, లేదంటే ప్రశ్నకు రెండు అర్థాలు వస్తున్నట్టు. ఒక విషయం గమనించండి, 5/6, 7/8 లాంటి ప్రశ్నలో మంచి మార్కుల పిల్లలు కూడా పడతారు. సూచిక తక్కువ వచ్చినా, ఆ తప్పును పట్టుకోవడమే మీ పని అయితే ప్రశ్నను ఉంచాలి, కారణం రాయాలి.

విశ్వసనీయతకు, అంటే మార్కులు ఎంత నిలకడగా వస్తాయో చూడటానికి, ఒప్పు-తప్పు ప్రశ్నలైతే కె.ఆర్.-20, దశలవారీ మార్కులుంటే క్రాన్‌బాక్ ఆల్ఫా. ఆల్ఫా 0.85 వచ్చిందని సప్రమాణత (కొలవాలనుకున్నదాన్నే కొలవడం) కూడా వచ్చినట్టు కాదు. ఒకే రకం లెక్క పదిసార్లు అడిగినా ఆల్ఫా పెరుగుతుంది.

చివర అదే పేపరు ఇవ్వకండి, అంకెలు మార్చిన జోడు పేపరు చేయండి. తప్పును బయటపెట్టే తర్కం మాత్రం చెడకూడదు: 3/4, 5/8 స్థానంలో 2/3, 5/9 పెట్టొచ్చు, 2/3, 7/9 పెడితే ప్రశ్న అర్థమే మారిపోతుంది, ఎందుకంటే అక్కడ 7/9 నిజంగానే పెద్దది. పాఠాలు ముగిసిన 4 నుంచి 6 వారాలకు మరోసారి పరీక్షించండి. మర్నాడు గుర్తున్నదీ నెల తర్వాత మిగిలిందీ ఒకటి కాదు.

ప్రశ్నావళి నా దృష్టిలో అనవసరం. టీచరు ఇచ్చిన కాగితం మీద పిల్లలు టీచరుకు నచ్చేదే రాస్తారు. తప్పదనుకుంటే 6 వాక్యాలు చాలు. "జంటగా చర్చించడం నాకు నచ్చింది, దానివల్ల లెక్కలు అర్థమయ్యాయి" లాంటి రెండు ముక్కల వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు, నచ్చి అర్థం కాని పిల్ల ఏం గుర్తు పెట్టాలి? ఇచ్చే ముందు ఐదారుగురు పిల్లల చేత బయటికి చదివించి, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లో చెప్పించండి.

చదువరి:

మూడో సందేహానికి: పత్రాలే ముందు. గణాంకాలు విడిగా చదివితే ఏది ఎందుకో తెలియదు. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న పత్రాలు 10 తీసుకుని, ఒక్కో పత్రానికి ఒక వరుస చొప్పున పట్టిక వేయండి: ప్రశ్న ఏమిటి, ఎన్ని తరగతులు, ఎన్ని రోజులు, దేంతో కొలిచారు, దేంతో పోల్చారు, ఏం వచ్చింది, ఆ ముగింపు ఎక్కడ కూలొచ్చు. చివరి గడి నింపడమే అసలు శిక్షణ. సారాంశాలు 50 చదివితే ఆ గడి నింపలేరు, ఎందుకంటే తరగతుల సంఖ్య, మానేసిన పిల్లల సంఖ్య సాధారణంగా లోపలి పేజీల్లోనే ఉంటాయి.

వెతకడానికి విద్యా పరిశోధనా పత్రాల ఎరిక్ (ERIC) డేటాబేస్ ఉచితం. అందులో విద్యారంగ పదకోశం ఉంది, మీ మాటతో కాకుండా వాళ్లు వాడే పదంతో వెతకండి. "జంట చర్చ"కు పరిశోధకులు నాలుగైదు పేర్లు వాడతారు, ఒక్క పేరుతో వెతికి "ఎవరూ చేయలేదు" అనుకోవడం కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు. మంచి పత్రం ఒకటి దొరికితే అది ఉదహరించినవి వెనక్కి, దాన్ని ఉదహరించినవి ముందుకి చూడండి. ఏ రోజు, ఎక్కడ, ఏ పదాలతో వెతికారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉంచారు అన్నది అప్పటికప్పుడే రాసుకోండి, తర్వాత గుర్తుచేసుకుని రాయడం కుదరదు.

పైన సగటు_విచలనం గారు చెప్పిన తిప్పుడు డిజైన్‌తో ఒక పేచీ ఉంది. మొదటి 3 వారాలు జంటల్లో వివరించుకోవడం అలవాటైన ఏ సెక్షన్ పిల్లలు, తర్వాతి 3 వారాల్లో చెప్పకపోయినా పక్కవాళ్లతో అదే పని చేస్తారు. అలవాటును వెనక్కి తీసుకోలేం. ఆ ప్రభావం రెండో దశలో తేడాను తగ్గించి చూపిస్తుంది. కాబట్టి రెండో దశలో ‘ఏ’ సెక్షన్‌ను కూడా గమనించి, ఎన్ని జంటలు వాటంతటవే మాట్లాడుకుంటున్నాయో లెక్కపెట్టండి.

సగటు_విచలనం:

ఒప్పుకుంటాను, ఆ లెక్క తప్పకుండా ఉండాలి.

భిన్నాల టీచర్:

అందరికీ ధన్యవాదాలు. ప్రశ్న మారుస్తున్నాను: పోలికలో తప్పు సూత్రాలు, జంటలో అవి ఎలా మారుతున్నాయి అన్నది. అయితే జంటల మాటలు రికార్డు చేయాలి కదా. 20 జంటలూ రికార్డు చేయాలా? అనుమతి ఎవరెవరి దగ్గర తీసుకోవాలి?

తరగతి_గమనిక:

20 జంటలు వద్దు. గంట మాటలు కాగితం మీదికి ఎక్కించడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది, పిల్లలు ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు కాబట్టి ఇంకా ఎక్కువే. 4 జంటలు, ఒక్కో పాఠంలో 15 నిమిషాలు, 3 పాఠాలు అనుకుంటే 3 గంటల రికార్డింగు. అంటే కనీసం 12 నుంచి 18 గంటల రాత పని. మొదటిసారికి అది చాలు. జంటల్ని మార్కుల ప్రకారం కాక ప్రీటెస్ట్‌లో బయటపడిన సూత్రాల ప్రకారం ఎంచుకోండి: ఇద్దరిదీ ఒకే తప్పు సూత్రమైన జంటలు రెండు, చెరో రకం సూత్రమున్న జంటలు రెండు. మీ ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే దొరకొచ్చు, ఒకే తప్పు నమ్మే ఇద్దరు మాట్లాడుకుంటే ఆ తప్పు ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది.

రికార్డరు బల్ల మధ్యలో, అడుగున మెత్తటి గుడ్డ వేసి పెట్టండి. నేరుగా చెక్క మీద పెడితే పెన్సిలు పడ్డ చప్పుడే మాటకంటే పెద్దగా వినిపిస్తుంది. అసలు రోజుకు ముందు రెండు పీరియడ్లు ఊరికే పెట్టి ఉంచండి, పిల్లలు దానివైపు చూడటం మానేస్తారు. రికార్డరు "ఇది, దీనికన్నా" అన్నది వింటుంది, వేలు ఏ భిన్నం మీద ఉందో చూడదు. అందుకే ఆ జంట రాసుకున్న చిత్తు కాగితం కూడా తేదీ, జంట సంఖ్య వేసి దాచాలి. రబ్బరుతో చెరపనివ్వకండి, ఒక్క గీతతో కొట్టేయమనండి.

నోట్సు రెండు నిలువు గడుల్లో రాయండి. ఎడమవైపు కనిపించింది, కుడివైపు మీరు అనుకున్నది. "పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు" ఎడమ గడిలోకి రాదు. "11:20, 3వ జంట. ఎడమవైపు పిల్ల 5/8 చుట్టూ గీసిన సున్నా కొట్టేసి, 3/4 కింద 6/8 రాసింది. రెండో పిల్ల చూసింది, తన కాగితం మార్చలేదు" అన్నది వస్తుంది. పాఠం అయిన రోజే రాయాలి.

మాటలకు (ఏ సూత్రం వాడారో చెప్పే గుర్తులుగా) కోడ్‌లు వేశాక, అందులో ఐదో వంతు మరొకరికి మీ కోడ్‌ల నిర్వచనాలతో ఇచ్చి విడిగా వేయించండి. ఇద్దరి కోడింగు ఎంత కలిసిందో చెప్పే కోహెన్ కప్పా తక్కువ వస్తే రెండోవాళ్లను ఒప్పించే ప్రయత్నం చేయకండి, నిర్వచనం తిరగరాసి మొదటినుంచి మళ్లీ వేయండి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా పేరు, సెక్షన్, ముందా తర్వాతా అన్నవి కనిపించకుండా సంకేత సంఖ్యలు వేసి అన్నీ కలిపేయండి.

అనుమతి మూడు చోట్ల: బడి పెద్దల దగ్గర, తల్లిదండ్రుల దగ్గర రాతలో, పిల్లల దగ్గర వాళ్లకు అర్థమయ్యే మాటల్లో. విశ్వవిద్యాలయం తరఫున చేస్తుంటే అక్కడి నైతిక కమిటీ ఆమోదం డేటా తీయకముందే రావాలి, తర్వాత తీసుకోవడం కుదరదు. పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. మార్కులు వేసే టీచరే "ఇష్టమేనా?" అంటే ఏ పిల్లా కాదనదు. కాబట్టి ఆ చీటీలు మరో టీచరు సేకరించి కవరులో ఉంచాలి, ఆ పాఠం మార్కులు ఇచ్చేశాకే మీరు తెరవాలి. జంట చర్చ అందరికీ పాఠమే, చీటీ అడిగేది వాళ్ల కాగితాలూ మాటలూ పరిశోధనకు వాడుకోవచ్చా అని మాత్రమే. రికార్డింగుకు మాత్రం ముందే తెలియాలి కాబట్టి, మీరు అనుకున్న జంటల పేర్లు ఎనిమిదో పదో ఆ టీచరుకు ఇవ్వండి, ఒప్పుకున్నవాళ్లలోంచి ఒక్కో రకానికి రెండు చొప్పున నాలుగు ఆవిడే ఎంచి చెబుతారు. పేర్లకూ సంకేత సంఖ్యలకూ జత చూపే కాగితం పేపర్లతో పాటు ఒకే బీరువాలో పెట్టకండి.