‘సంఖ్యానే చ విశారదమ్’: ఈ చకారం దేనికి?

అడిగినవారు (తిరుపతి): మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు బాహుకుడితో (మారుపేరుతో ఉన్న నలుడితో) అనే ‘విద్ధ్యక్షహృదయజ్ఞం మాం సంఖ్యానే చ విశారదమ్’ (నేను అక్షహృదయం, అంటే జూదపు రహస్యం, తెలిసినవాణ్ణనీ, సంఖ్యానంలో, అంటే లెక్కింపులో, నేర్పరిననీ తెలుసుకో) అన్న మాట కొంతకాలంగా నన్ను వదలడం లేదు. చకారం, అంటే ‘చ’ అనే మాట, ఇక్కడ రెండు వేర్వేరు విద్యలను కలుపుతున్నదా, లేక మొదటి విద్యనే వివరిస్తున్నదా? పోకర్ ఉదాహరణతో సంభావ్యత పాఠం రాయబోయి ఇక్కడ ఆగిపోయాను.

సంస్కృతాధ్యాపకుడు (చిత్తూరు): సముచ్చయమే (రెండింటిని కలపడమే), సందేహం లేదు. దారిలోని తానిచెట్టును చూసి, రెండు కొమ్మలకు ఐదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయని చెప్పడం సంఖ్యానం; నలుడికి ధారపోసినది అక్షహృదయం.

గణితాధ్యాపకురాలు (తిరుపతి): అంగీకరించలేను. వైదికకాలపు అక్షాలు, అంటే పాచికలు, తానికాయలే. గుప్పెడు కాయలను నాలుగేసి చొప్పున తీసివేయగా ఏమీ మిగలకపోతే గెలిచే పందెం కృతమనీ, ఒకటి మిగిలితే ఓడిపోయే పందెం కలి అనీ పండితులు చెబుతారు. కనుక చూపుతోనే లెక్కించగలగడమే ఆ ఆటకు హృదయం. పోకర్‌లోనూ అంతే. చేతిలోని రెండు, బల్లమీది నాలుగు ముక్కలలో కలిపి నాలుగు ఇస్పేట్లు ఉండి, ఇంకొక్క ముక్కే తెరవవలసి ఉన్నదనుకోండి; ఐదో ఇస్పేటు పడితేనే నా గెలుపు. కనబడని 46 ముక్కల్లో ఇస్పేట్లు 9, అంటే సుమారు 19.6 శాతం. మధ్యలో 100 రూపాయలుండగా ఎదుటివాడు 50 వేస్తే, నేను 50 పెట్టి మొత్తం 200 కోసం ఆడుతున్నాను గనుక 25 శాతం అవకాశం కావాలి. అది లేదు కాబట్టి ముక్కలు పడేయాలి.

సంస్కృతాధ్యాపకుడు: ఇస్పేటు పడ్డాక అతడి నుంచి మరో 56 రూపాయలు రాబట్టగలిగితే ఆ 50 పెట్టడమే సరైనదని మీ లెక్కే చెబుతుంది. అతడు ఇస్తాడా లేదా అన్నది ఏ సంఖ్యానంలో ఉంది? నా చకారం అక్కడే ఉంది.

మరొకరు (చంద్రగిరి): శ్రీనాథుడి శృంగారనైషధంలో ఈ ఘట్టం ఎంత రమణీయంగా ఉంటుందో చూశారా?

సంస్కృతాధ్యాపకుడు: అయ్యా, నైషధం జూదం దాకా రానే రాదు, సంస్కృత మూలం రాసిన శ్రీహర్షుడిలాగే శ్రీనాథుడూ దంపతుల సుఖంతోనే ముగించాడు. ఈ కథకు తెలుగు భారతంలో నన్నయ దగ్గరికే వెళ్లాలి.

మరొకరు: శ్రీనాథుడే రాసి ఉంటే చకారానికి ఇంత పేచీ ఉండేది కాదు లెండి. స్వామితో పాచికలాడిన హాథీరాం బావాజీ కథ వింటూ పెరిగిన ఊరివాళ్లం, అక్కడ ఎవరి సంభావ్యత ఎంతో కూడా తేల్చండి.

అడిగినవారు: లెక్క అనేక ఆటల మీదనే ఫలిస్తుంది. నలుడు తన రాజ్యాన్ని జూదంలో గెలుచుకున్న తమ్ముడు పుష్కరుణ్ణి చివరికి ఒకే పందెంలో గెలిచాడు కదా, దాన్ని సంఖ్యానంతో ఎలా సమర్థిస్తారు?

గణితాధ్యాపకురాలు: తానికాయలను చూడగానే లెక్కించగలిగినవాడికి ఒక్క పందెం చాలు, అక్కడ సంభావ్యత నూటికి నూరు. పైగా అక్షహృదయం అందగానే అంతవరకు ఆవహించి పీడించి నలుణ్ణి వదిలిపోయినవాడి పేరూ, ఓడిపోయే పందెం పేరూ కలే.

సంస్కృతాధ్యాపకుడు: అది శ్లేష, వ్యాకరణం కాదు.