సమస్యాపూరణం: నీరు లేని కొలను నిండు ముదము

ఈ వారం సమస్యను, అంటే ముందు మూడు పాదాలు చేర్చి మీరు పద్యంగా పూరించవలసిన చివరి పాదాన్ని, ఇంటి తోట నుంచి తీసుకున్నాను. పిల్లలున్న ఇంటి పెరట్లో కొలను ఎంత అందమో అంత భయం. రెండంగుళాల నీరు నిలిచినా పసిబిడ్డ ప్రాణానికి చాలినంత ప్రమాదమని, మునిగే బిడ్డ కేక వేయదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. అలాగని తోటలోని ప్రతి వస్తువునూ తీసివేసి గచ్చు చేయిస్తే పిల్లలు ఆడుకునేందుకు ఏమీ మిగలదు. కాబట్టి ఛందస్సుతో పాటు మరొక నియమం కూడా పెడుతున్నాను. మీరు పూరించే మూడు పాదాలలో బిడ్డకు రక్షణ ఎలా కలిగిందో చెప్పాలి, ఆ బిడ్డ ఏ ఆటలో మునిగి ఆనందించిందో కూడా కనిపించాలి. రెండింటిలో ఏది లోపించినా పూరణ సగమే అయినట్లు భావిస్తాను.

సమస్య (ఆటవెలది నాలుగవ పాదం):

నీరు లేని కొలను నిండు ముదము

గోదావరిగట్టు

తామరలకు మున్ను త్రవ్విన గుంటలో
మెత్తనిసుక నాన్న మెండు నింపె;
పాప లెల్లఁ గూడి పాదాన గూడల్ల
నీరు లేని కొలను నిండు ముదము.

నిర్వాహకుడు

గోదావరిగట్టు గారూ, మొదటి పూరణతోనే సమస్య విడిపోయింది. తామరకొలనును ఇసుకగుంటగా మార్చడం పిల్లలు ఎదిగేదాకా తోటమాలులు చెప్పే ఉపాయాలన్నింటిలో మేలైనది, ఎందుకంటే పిల్లలు పెద్దవారయ్యాక ఆ ఇసుకను తీసివేసి మళ్ళీ తామరలు పెంచుకోవచ్చు. "పాదాన గూడల్ల" అన్నచోట పద్యం ప్రాణం పోసుకుంది. కాలి మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి, గూడు కూలకుండా మడమను మెల్లగా వెనక్కి లాగే ఆ క్షణాన్ని ఒక్క మాటలో చూపించారు. పిచ్చుకగూళ్ళు అని నేరుగా చెప్పకపోవడమే మంచిదయింది.

తోట విషయంలో కొంత చేర్చవలసి ఉంది. కొలను అడుగున పరచిన ప్లాస్టిక్ పట్టాకు రంధ్రాలు చేసి, కంకర పొర వేసి, దాని పైన నీరు దిగే గుడ్డ పరచిన తరువాతే ఇసుక పోయాలి. లేకపోతే మొదటి వానకే అది బురదగుంట అవుతుంది. ఇళ్ళ నిర్మాణానికి వాడే రోబో ఇసుకలో అంచులు పదునుగా ఉంటాయి, రాతి దుమ్ము ఎగురుతుంది, కనుక కడిగి జల్లించిన ఏటి ఇసుకనే వాడాలి. ఇసుక లోతు అడుగు, అడుగున్నర మించకుండా ఉంటే పిల్లలు సొరంగాలు తవ్వినా మీద కూలుతుందన్న బెంగ ఉండదు. రాత్రివేళ పిల్లులు వచ్చి మలవిసర్జన చేస్తే ఆ ఇసుకలో నులిపురుగుల గుడ్లు చేరతాయి, అందుచేత పొద్దుగూకేసరికి పట్టా కప్పడం తప్పనిసరి.

విశాఖ వేప

దోమ గ్రుడ్లు పెట్టు తొట్టె యొక్కటి చాలు
జ్వరము వచ్చి పాప వాడిపోవ;
వారమునకు నొక్క పరి యార్చి తుడువుఁడు;
నీరు లేని కొలను నిండు ముదము.

నిర్వాహకుడు

ఛందస్సు నిర్దోషంగా ఉంది. రెండవ పాదంలో "జ్వ" సంయుక్తంలోని వకారానికి "వా"తో యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండవలసిన మైత్రి) కుదిర్చిన తీరు ముచ్చటగా ఉంది. విషయం కూడా సరైనదే. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేందుకు వారం పది రోజులు చాలు గనుక, వారానికి ఒకసారి అన్న లెక్క శాస్త్రానికి సరిపోతుంది. "తుడువుఁడు" అన్న క్రియ మరీ విలువైనది. ఆ గుడ్లు తొట్టె గోడకు అంటుకుని నెలల తరబడి నీరు లేకున్నా బతికి, మళ్ళీ నీరు తగలగానే పగులుతాయి. నీటిని ఒంపితే చాలదు, పీచుతో గోడలు రుద్దాలి.

అయినప్పటికీ నా రెండవ నియమం ఇక్కడ నెరవేరలేదు. మూడు పాదాల్లోనూ జ్వరం, జాగ్రత్త ఉన్నాయి గాని ఆట లేదు. బిడ్డకు జ్వరం రాలేదన్నది ఊరటే గాని "నిండు ముదము" అనిపించుకోదు. పైగా మొదటి పాదంలోని తొట్టె నాలుగవ పాదానికి వచ్చేసరికి కొలను ఎలా అయిందో పద్యం చెప్పలేదు.

పాలమూరు పెరడు

పూరణ పంపే ముందు సమస్య గురించే ఒక మాట మనవి చేసుకుంటాను. నీరు లేనిదల్లా క్షేమమనే భావం పాఠకుడిలో కలగకూడదు. మా ప్రాంతంలో నీరు పడక వదిలేసిన బోరుబావులే పిల్లలను పొట్టన పెట్టుకున్నాయి. అలాంటి బోర్లను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే నిర్దేశించింది. పైన గోనెసంచి కప్పి, దాని మీద బండ పెట్టి ఊరుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పట్నాల్లోనైతే వాకిట్లో ఉండే నీళ్ళ సంపు మూత సంగతి చూడాలి. రేకు మూత తుప్పు పట్టి, కొక్కెం ఊడిపోయి ఉంటే పిల్లవాడి బరువుకే లోనికి వంగుతుంది. తోట పటం గీసేవారు మొక్కల కంటే ముందుగా నేలలోని రంధ్రాలన్నింటినీ కాగితం మీద గుర్తించాలని నా ప్రార్థన.

నిర్వాహకుడు

ఈ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పింది సమస్యకు అడ్డు కాదు, పూరించేవారికి దారి. ఎండిన గుంట దానంతట అది క్షేమం కాదు. దాన్ని నింపి, చదును చేసి, ఆటస్థలంగా మార్చినప్పుడే పాదం సార్థకమవుతుంది. ఇకపై పూరణలు పంపేవారు దీన్ని గమనించగలరు.

తెనాలి తోటమాలి

గట్టు మీఁది పచ్చ గన్నేరు పెఱికించి
బంతి నారు కొలనఁ బాదుకొల్పి
పసుపు పచ్చని పూలు పాపలు కోయగా
నీరు లేని కొలను నిండు ముదము.

గోదావరిగట్టు

తోటమాలి గారూ, భావం హృద్యంగా ఉంది గాని మూడవ పాదంలో గణభంగం ఉంది, అంటే గురు లఘువుల క్రమం తప్పింది. "పసుపు", "పచ్చ" తరువాత "నిపూలు" అని జగణం (లఘువు, గురువు, లఘువు) వచ్చింది. అక్కడ న గణమో (మూడు లఘువులు), గలమో (గురువు, లఘువు) ఉండాలి.

నిర్వాహకుడు

గణభంగం నిజమే. "పసిఁడి పూలు కోసి పాపలు నవ్వగా" అని మారిస్తే గణాలు, యతి సరిపోతాయి, నవ్వు కూడా చేరుతుంది. సవరణ చేసుకోగలరు.

పచ్చ గన్నేరును ఎంచుకోవడంలో మీ తోట అనుభవం తెలుస్తోంది. పసుపు గంటల్లాంటి పూలకు, కంచెగా దట్టంగా పెరిగే గుణానికి ముచ్చటపడి దాన్ని ఎన్నో ఇళ్ళలో నాటారు. మొక్క అంతటా విషమే, గింజలోనైతే మరీ ఎక్కువ. అది గుండె కొట్టుకునే లయనే దెబ్బతీస్తుంది. పిల్లలు పూలను వేళ్ళకు తొడుక్కుని, కాయలను గుజ్జనగూళ్ళలో కూరగా వండి, రుచి చూసే వయసులో ఆ మొక్క వారి చేతికందే చోట ఉండకూడదు. నరికిన కొమ్మలను పొయ్యిలో పెట్టకూడదు, దాని పొగ కూడా చేటే. ఎర్ర గన్నేరు, ఉమ్మెత్త, ఆముదం మొక్కలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఎర్రగా, నల్ల బొట్టుతో పూసల్లా మెరిసే గురివింద గింజలు మరీ మోసకరమైనవి, వాటి అందమే పిల్లలను పిలుస్తుంది.

తీసివేసిన చోట బంతిని నాటించడం మంచి ఊహ. ఎండిన పూవును నలిపి చల్లితే మొలిచే మొక్క గనుక నాలుగేళ్ళ పిల్ల కూడా తన చేత్తో విత్తగలదు. తోటకూర విత్తనాలైతే నాలుగైదు రోజుల్లోనే మొలక చూపిస్తాయి, అంతకు మించి పసివారి ఓపిక ఆగదు.

డాలస్ తెలుగు

గులకరాళ్లపైన గుప్పించి చిమ్మెడు
జల్లు నేలఁ జొచ్చి చల్లఁ బఱచు;
నిలువ దొక్క బొట్టు, నెమ్మది తల్లికి;
నీరు లేని కొలను నిండు ముదము.

మా వీధిలో పెరటి ఈతకొలనులు చాలా ఇళ్ళకు ఉన్నాయి. వాటి చుట్టూ కనీసం 4 అడుగుల కంచె, తనంతట తానే మూసుకుని గడియ పడే తలుపు ఉండాలని ఇక్కడి వినియోగదారుల భద్రతా సంఘం సూచిస్తుంది. పిల్లలు చిన్నవారు గనుక మేము కొలను వద్దనుకుని, భూమిలో పాతిన మూతగల తొట్టెపై జల్లెడ పలక, దాని మీద గులకరాళ్ళు పేర్చి, చిన్న పంపుతో నీటిని పైకి చిమ్మించాము. పడిన నీరు రాళ్ళ సందుల నుంచి తొట్టెలోకి దిగి మళ్ళీ పైకి వస్తుంది.

విశాఖ వేప

పద్యం బాగుంది. అయితే జల్లు చిమ్ముతున్నప్పుడు "నీరు లేని" అనడం చెల్లుతుందా?

నిర్వాహకుడు

మూడవ పాదంలో "నిలువ దొక్క బొట్టు" అని ముందే చెప్పారు గనుక నిలువ నీరు లేదన్న అర్థమే వస్తుంది, చెల్లుతుంది. జల్లులో తడిసే పిల్లలను ఒక్క మాటలోనైనా చూపించి ఉంటే మరింత నిండుగా ఉండేదన్నది ఒక్కటే నా వెలితి. ఈ పద్ధతిని మన ఊళ్ళలో అనుసరించేవారు పంపు తీగను నేల మీద లాగకుండా గొట్టంలో పాతించి, ఆ లైనుకు ఈ.ఎల్.సీ.బీ. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) తప్పక పెట్టించాలి. తడి కాళ్ళ పిల్లలున్న చోట విద్యుత్తుతో రాజీ పడకూడదు.

కడప నాపరాయి

నాపరాతి నేల నాన్నమ్మ ముగ్గుతోఁ
జెఱువు గీసి చేఁపఁ జేర్చినంత
గంతు లిడిరి పిల్ల కప్పలై మనుమలు;
నీరు లేని కొలను నిండు ముదము.

నిర్వాహకుడు

ఈ వారం నాకు అన్నింటికన్నా నచ్చిన పూరణ ఇది. గుంట లేదు, ఇసుక లేదు, పంపు లేదు, ఖర్చు లేదు. నాన్నమ్మ చేతిలోని ముగ్గు కొలనైంది, ఆమె గీసిన చేప చుట్టూ మనుమలు దూకుతున్నారు. "పిల్ల కప్పలై" అన్నది రెండు గణాల మీదుగా సాగి, ఆ గంతును చదివేవాడి నోటికి కూడా అందించింది. కుటుంబ తోటలో పెద్దవారికి కూడా చోటుండాలన్న సంగతిని ఇప్పటిదాకా మరెవరూ తలచలేదు. నాన్నమ్మ కూర్చునేందుకు అక్కడొక అరుగు ఉంటే ఆటను కనిపెట్టుకుని ఉండే కళ్ళు కూడా దొరుకుతాయి. ముగ్గు వరిపిండిదైతే చేతులు నోట్లో పెట్టుకునే పసివారికీ బెంగ లేదు. నాపరాయి ఎండకు కాళ్ళు కాలుస్తుంది, తడిస్తే జారుతుంది, కనుక నునుపు చేయని రాయిని ఎంచుకుని, పడమటి పక్కన కానుగ చెట్టు పెంచితే సాయంకాలమంతా నీడలోనే ఆడుకుంటారు.

నా పూరణ:

వంటయింటి కిటికి వైపునఁ గనిపించు
చోట బీరపాదు చుట్టుకొనఁగ
నీడ గొడుగు పట్టు నెత్తిపై బుడుతకు;
నీరు లేని కొలను నిండు ముదము.

ఆటస్థలం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు నా జవాబు మొదటి పాదంలో ఉంది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి తలెత్తగానే కనిపించే చోటే సరైన చోటు. పూడ్చిన గుంట మీద పందిరి వేసి బీర పాకిస్తే సాయంత్రం విచ్చుకునే పసుపు పూలు పిల్లల ఆటవేళకే పూస్తాయి.

పాలమూరు పెరడు

పద్యం చల్లగా ఉంది. గొడుగు పట్టడంలో రక్ష కనబడింది గాని, మీరే పెట్టిన రెండవ నియమం ప్రకారం బుడుత ఏమి ఆడుతున్నాడో పద్యంలో లేదు. తోట విషయంలో ఒక మాట. పందిరికి ప్లాస్టిక్ తాళ్ళు కడితే కొసలు వేలాడి, ఆటలో మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. వెదురు బద్దలనే అల్లి, కట్లు పైవైపునకు తిప్పి కోసివేయాలి. పాదుకు పురుగుమందు కొట్టే ఇళ్ళలో పందిరి కింద ఆట పనికిరాదు.

నిర్వాహకుడు

మీ విమర్శ ఒప్పుకుంటున్నాను. మూడవ పాదాన్ని "నీడ క్రింద బుడుత నిసువుల వంటలు" అని మార్చి చూశాను గాని క్రియ లేక వాక్యం తెగిపోతోంది. గుజ్జనగూళ్ళ ఆటను ఆ పాదంలో ఇమడ్చగలవారు సవరణ పంపవలసిందిగా కోరుతున్నాను. పందిరి తాళ్ళ గురించి మీరు చెప్పింది పందిరి వేసే ప్రతి ఇంటికీ అవసరం. పురుగుమందుకు బదులు వేపగింజల కషాయం వాడినా, కొట్టిన రోజు పిల్లలను ఆ ఛాయలకు రానీయకుండా, కోసిన కాయలను కడిగి వాడుకోవాలి.