సమతూకం నేర్పే ఆటవస్తువులు: మూడున్నరేళ్ల పాపకు ఏది తగినది?

ప్రశ్న

మా పాపకు మూడున్నరేళ్లు. సోఫా అంచు మీద నడవడం, గిరగిరా తిరిగి తిరిగి కింద పడి నవ్వడం ఆమెకు ఎంతో ఇష్టమైన పనులు. ఆ సరదాను సోఫా మీద నుంచి మళ్లించే వస్తువు ఏదైనా కొందామనుకుంటున్నాను. విల్లులా వంగిన చెక్క బ్యాలెన్స్ బోర్డు, కూర్చుని గుండ్రంగా తిరిగే గిన్నె ఆకారపు సీటు, నేల మీద పరిచి అడుగులు వేసే ప్లాస్టిక్ మెట్లు చూశాను. మూడింటి డబ్బాల మీదా మెదడు వికాసం అని రాసి ఉంది. అందులో నిజమెంత? తిరిగే సీటు వల్ల హాని ఏమైనా ఉంటుందా?

జవాబు (ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవారికి చికిత్స చేస్తాను)

డబ్బా మీది మాటలను పక్కన పెట్టండి. మనం పడిపోకుండా నిలబడడానికి కళ్లు, లోపలి చెవి, కండరాలూ కీళ్లూ పంపే సమాచారాన్ని మెదడు క్షణక్షణం సరిచూసుకుంటుంది. ఒక్కో చెవి లోపల మూడేసి అర్ధవర్తుల కుల్యలు, అంటే ద్రవంతో నిండి వంపు తిరిగిన సన్నని గొట్టాలు ఉంటాయి. తల తిరగడం మొదలైనప్పుడు వాటిలోని ద్రవం కాస్త వెనకబడి, అక్కడి సన్నని రోమాలను వంచుతుంది. ఆగినప్పుడు ద్రవం వెంటనే ఆగదు కనుక గది ఇంకా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా అదే వేగాన్ని అందుకుంటుంది, కుల్యల నుంచి వచ్చే సంకేతం తగ్గిపోతుంది. అందుచేత ఆ సీటులో ఎక్కువసేపు తిరగడం వల్ల కడుపులో తిప్పడమే తప్ప వేరే లాభం లేదు. నాలుగైదు చుట్లు, ఆగడం, మళ్లీ అవతలి వైపు నాలుగైదు చుట్లు, అదీ పాప తన కాళ్లతో నెట్టుకుంటూ తిరిగితే చాలు. పెద్దవాళ్లు పట్టుకుని తిప్పకూడదు, ఎందుకంటే ఎప్పుడు ఆపాలో పాపకే తెలుస్తుంది. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా ఆ రోజుకు ఆపేయండి. మూర్ఛ వచ్చే పిల్లలైతే ముందు వైద్యులను అడగాలి.

ఇంద్రియాలు పంపే సమాచారాన్ని మెదడు కలిపి వాడుకోవడాన్ని ఇంద్రియ సమన్వయం అంటారు. ఆ ఆలోచనను అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ 1972లో పుస్తకరూపంలో వివరించారు. ఈ బొమ్మల ప్రచారంలో వినిపించే మాటలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. అయితే ఆ పద్ధతిలో చేసే చికిత్స ఫలితాల మీద ఆధారాలు పరిమితమేనని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే చెప్పింది. ఆటవస్తువును ఆటవస్తువుగానే కొనండి.

జవాబు (ఇద్దరు పిల్లల తండ్రిని)

మా ఇంట్లో వంపు బోర్డు ఉంది. మొదటి నెలంతా మావాడు దాని మీద నిలబడనే లేదు. బోర్లించి బొమ్మకార్లకు వంతెన చేసుకున్నాడు. నేను బలవంతపెట్టలేదు, తరువాత తానే ఎక్కాడు. మేజోళ్లతో ఎక్కితే జారుతుంది కనుక ఉత్త పాదాలతోనే ఎక్కనివ్వండి. ఊగుతున్న బోర్డు అంచు కింద మా చిన్నది వేళ్లు పెట్టి నలగ్గొట్టుకుంది. ఆ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు. చుట్టూ బల్లల మూలలు లేకుండా చూసుకుని, కింద జారని చాప పరవండి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాప ఒంటికాలి మీద ఒక సెకను కంటే ఎక్కువ నిలబడలేకపోతోంది. అది ఆలస్యమా?

జవాబు (థెరపిస్టును)

కాదు. నాలుగేళ్లకు రెండు సెకన్లు నిలబడగలిగితే సరిపోతుంది. అయిదేళ్ల ప్రాంతంలో పది సెకన్ల దాకా వెళతారు. ఇదివరకు చేయగలిగినది ఇప్పుడు చేయలేకపోయినా, ఎప్పుడూ ఒకే వైపు తూలుతున్నా మాత్రం వైద్యులకు చూపించండి. మూడింటిలో నా ఓటు మెట్లకే. మొదట దగ్గర దగ్గరగా పేర్చి, పాప ధైర్యం పెరిగే కొద్దీ దూరం జరపవచ్చు. అవి కొనేలోపు నేల మీద సుద్దముక్కతో ఒక వంకర గీత గీసి, దాని మీద మడమను బొటనవేలికి ఆనించి నడవమనండి.