పాచిక పారిందా, ఎత్తు పారిందా?

2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల చదరంగం ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. మన కోనేరు హంపిని 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ ఓడించింది. దివ్య 15వ సీడు, అంటే టోర్నీ మొదలయ్యేనాటికి ఆటగాళ్ల బలం వరుసలో పదిహేనో స్థానం. అప్పటికి ఆమెకు ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ (ఆ బిరుదుకు మెట్టులాంటి ఫలితం) కూడా లేదు. హంపి అప్పటికి ర్యాపిడ్‌లో (తక్కువ సమయంలో ఆడే చదరంగంలో) ప్రపంచ విజేత, పైగా మా గుడివాడలో పుట్టిన అమ్మాయి. ఆ రోజు ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మా మావయ్య "ఆ పిల్ల పాచిక పారిందిలే" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది.

చదరంగంలో పాచిక ఎక్కడిదండీ? అది జూదం మాట. ఏ పక్క పడుతుందో వేసినవాడికే తెలియదు. చదరంగానికి మనకున్న మాట ఎత్తు. పావును ఎత్తి మరో గడిలో పెట్టడమూ ఎత్తే, దాని వెనక ఉన్న ఉపాయమూ ఎత్తే. ఒకే మాటలో చెయ్యీ బుర్రా రెండూ ఉన్నాయి. 2022లో 16 ఏళ్ల ప్రజ్ఞానంద నల్లపావులతో అప్పటి ప్రపంచ విజేత కార్ల్‌సన్‌ను 39 ఎత్తుల్లో ఓడించాడు. 39 పాచికల్లో అని రాయగలమా?

— పాచిక ఎప్పుడో జాతీయం అయిపోయిందండీ. రాజకీయ వార్తల్లో "పాచిక పారలేదు" అంటే ఉపాయం ఫలించలేదనేగా అర్థం. ఇంత పట్టింపు అవసరమా?

— రాజకీయాల్లో నాకూ అభ్యంతరం లేదండీ. ఇక్కడ మాత్రం పైవాళ్లు గెలిస్తే ఎత్తు, కిందివాళ్లు గెలిస్తే పాచిక అవుతోంది. నా బాధ అది.

— అలాగైతే "హంపిని చిత్తు చేసింది" అనడమూ తప్పే. ఫైనల్లో ఎక్కువ సమయమిచ్చే క్లాసికల్ గేమ్‌లు రెండూ డ్రా. విజేతను తేల్చడానికి పెట్టిన ర్యాపిడ్ టైబ్రేక్‌లో మొదటిదీ డ్రా. తేలింది రెండోదాంట్లో, అదీ గడియారం తరుముతుంటే. దీన్ని చిత్తు అంటే హంపికి అన్యాయం, పాచిక అంటే దివ్యకు అన్యాయం. మా తాతగారైతే "ఎత్తుకు పైఎత్తు" అనేవారు.

— పైఎత్తు! నాకు తట్టనే లేదండీ. అవతలి ఎత్తు అర్థమైతేనే కదా పైఎత్తు వేసేది. అందులో హంపి కూడా ఉంది. ఈ మాట మావయ్యకు ఇవాళే చెబుతాను.