కప్ప వలస వచ్చిందా, వేరుపడిందా?

పలకాబలపం:
పిల్లల పత్రిక ఒకదానికి ఖండాల కదలిక మీద చిన్న పాఠం రాస్తున్నాను. ఒక్క వాక్యం దగ్గర బండి ఆగిపోయింది.

కేరళలో, పడమటి కనుమల్లో, ఊదారంగు కప్ప ఒకటుంది. 2003లో శాస్త్రజ్ఞులు దానికి నాసికాబట్రాకస్ అని పేరు పెట్టారు. ఏడాదంతా మట్టిలోపలే ఉండి చెదలు తింటుంది. తొలకరికి గుడ్లు పెట్టడానికి మాత్రం కొద్దిరోజులు పైకొస్తుంది. అక్కడివాళ్లు పాతాళ తవళ అంటారు. ఏడాదికోసారి పైకొచ్చే బలి చక్రవర్తిని తలుచుకుని మావేలి తవళ అని కూడా అంటారు (తవళ అంటే కప్పే). నాసికాబట్రాకస్ కప్పలను వదిలేస్తే, దీని దగ్గరి బంధువులు మన దేశంలో లేవు. దాదాపు 3,000 కిలోమీటర్ల సముద్రం అవతల, సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి.

నేను రాసిన వాక్యం: "ఖండాలు కదలడం వల్ల ఈ కప్పలు మన దేశానికి వలస వచ్చాయి." మా నాన్నగారు చదివి, "అది అడుగు తీసి అడుగు వేసిందా? వలస అంటావేమిటి?" అన్నారు. ఇంకో మాట ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
మీ నాన్నగారు చెప్పిందే నిజమండీ. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి. వలస అంటే శత్రుసైన్యానికి భయపడి ఇల్లూ వాకిలీ వదిలి పోవడం అని అర్థం ఇచ్చారు. ఇప్పుడు సైన్యం బదులు కరువు వచ్చింది. పాలమూరు వలస అంటున్నప్పుడు కూడా అందులో మూట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి ఉన్నాడు. ఈ కప్ప కదల్లేదు, దాని కింద నేల కదిలింది. విజయవాడలో రైలెక్కి బెర్తు మీద నిద్రపోయినవాణ్ని ఢిల్లీ దాకా నడిచాడు అనం కదా.

ఆ రైలు కథ చూడండి. మన నేల, మడగాస్కర్, సీషెల్స్ ఒకప్పుడు ఒకే ముద్ద. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ తెగింది. దక్కను లావా పొంగిన రోజుల్లో, అంటే 6.5 కోట్ల ఏళ్లకు అటూ ఇటుగా, సీషెల్స్ కూడా తెగిపోయింది. మిగిలిన ముక్క ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి జరుగుతూ, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దుకుంది. ఏడాదికి జానెడు కూడా లేదే అనుకోకండి, భూమి లెక్కలో అది ఎక్స్‌ప్రెస్సే. కప్పల్లో కొన్ని ఆ ముక్క మీద, కొన్ని ఈ ముక్క మీద మిగిలిపోయాయి. కప్ప చర్మం ఉప్పునీటికి తట్టుకోదు కాబట్టి మళ్లీ రాకపోకలు లేవు.

దీనికి మనింట్లోనే మాట ఉంది. అన్నదమ్ములు ఏమయ్యారు? వేరుపడ్డారు. కప్పలూ అంతే. ఇప్పుడవి దాయాదులు.

రెండోబెంచీ:
దాయాదులా! ఆ మాట వింటే నాకు ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ హెడ్డింగే గుర్తొస్తుంది. పిల్లలు ఆ కప్పలకు పగ ఉందనుకుంటారు సార్.

గోదారిగట్టు:
పగ తర్వాత వచ్చింది నాయనా, పంపకం ముందు. దాయం అంటే వాటా, అది అందుకునేవాడు దాయాది. నేల పంచుకున్నాక ఎవరి పొలంలో వాళ్లకు వేరే అలవాట్లు వస్తాయి. ఒకడు మిరప వేస్తాడు, ఒకడు చెరుకు. ఇక్కడి కప్ప బలిసి, ముక్కు మొన తేలి, భూగర్భంలోకి పోయింది. సీషెల్స్ దాయాదులు చిట్టివి, వాటిల్లో ఒకటి పెద్దయినా సెంటీమీటరు దాటి ఎంతో పెరగదు. తాత ఒకడే అంటే నమ్మబుద్ధి కాదు.

పలకాబలపం:
"వేరుపడ్డాయి" బావుంది. కానీ ఇంకో చిక్కు. మా పాప "ఖండం అంటే ముక్క కదా, దేన్లోంచి ముక్క?" అని అడిగింది. నోరు తెరిచాను, మాట రాలేదు.

కలకండ:
మీ పాపను మా గ్రూపులో చేర్పించండి! ఖండించడం, మాంసఖండం, ఖండకావ్యం, అన్నిటిలోనూ కోతే ఉంది. నా పేరులో ఉన్న కండ కూడా ఆ ఖండమే. చక్కెర ముక్క. ఇంగ్లిష్ వాళ్ల క్యాండీ కూడా అరబ్బుల మీదుగా పోయిన మన ఖండమే.

ఇంగ్లిష్ కాంటినెంట్‌కు లాటిన్‌లో మూలార్థం తెగకుండా సాగిన నేల అని. వాళ్ల మాటలో అతుకు ఉంది, మన మాటలో కోత. 1912లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెగనర్ ఖండాలు కదిలాయని చెప్పినప్పుడు చాలామంది భూగర్భ శాస్త్రజ్ఞులు నవ్వారు. తెలుగులో అయితే ఆ మాట వినగానే "మరి ముక్క అన్నాక ఎక్కణ్నుంచో తెగే ఉంటుంది" అనేవాళ్లం. (మన పూర్వులకు అంతా తెలుసని నేను అనడం లేదు, దయచేసి ఆ వరసలో ఎవరూ రావద్దు. ఇది మాట చేసిన చమత్కారం, అంతే.)

ఖండాలన్నీ విడిపోక ముందున్న ఒకే నేలను, అంటే పాంజియాను, మనం అఖండం అంటే సరిపోతుంది. అఖండదీపంలో ఉన్న అఖండం.

డాలస్ బావగారు:
ఖండం అంటే నాకు సంకల్పమే గుర్తొస్తుంది. అక్కడ జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే అని ద్వీపం పెద్దది, ఖండం అందులో చిన్నది. ఇక్కడి గుళ్లలో క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని మార్చి చదువుతారు. హిందీ వాళ్లు కాంటినెంట్‌ను మహాద్వీప్ అన్నారు, మనం ఖండం దగ్గర ఆగాం. మాదైతే అసలు సిసలు వలస, ఏ ఖండమూ మోసుకు రాలేదు, టికెట్టు కొనుక్కునే వచ్చాం.

బొగ్గుబావి:
మా నాన్న సింగరేణిలో చేసేవారు. నా చిన్నప్పుడు బొగ్గు పొరల మధ్య నుంచి ఒక పలకరాయి తెచ్చారు. దాని మీద నాలుకలా పొడుగాటి ఆకు అచ్చు, మధ్యలో ఈనె స్పష్టంగా ఉంది. గ్లోసోప్టెరిస్ అని కాలేజీలో తెలిసింది. ఆ పేరుకు అర్థమే నాలుక ఫెర్న్. సుమారు 25 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందటి చెట్టు. దాని అచ్చులు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మన దేశం, అంటార్కిటికా అన్నిచోట్లా దొరికాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం బండిలో 16 కిలోల రాళ్లు ఉన్నాయి. కాళ్లు కదలని స్థితిలో కూడా వదల్లేదు. వాటిల్లో ఈ ఆకు ఉంది. ఆ విషయం చదివిన రోజు మా ఇంటి పలకను అల్మారాలోకి మార్చాను, అంతకు ముందు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టేవాళ్లం.

ఆ ముక్కలన్నీ కలిసి ఉన్న నేల పేరు గోండ్వానా, అంటే గోండుల వనం. 1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇక్కడి రాళ్లకు ఆ పేరు పెట్టాడు. 1885లో స్యూస్ అనే ఇంకో భూగర్భ శాస్త్రజ్ఞుడు దాన్ని ఆఫ్రికా, మడగాస్కర్‌లతో కలిసిన పెద్ద నేలకు పాకించాడు, అయితే ఆయన మధ్య నేల మునిగిపోయిందనుకున్నాడు గానీ కదిలిందనుకోలేదు. వనం అన్నాక మళ్లీ ల్యాండ్ ఎందుకు? గోండ్వానాలాండ్ అంటే మనవాళ్ల "నట్టనడి సెంటర్" లాంటిది. ఇక ఆదిలాబాద్ గోండులు తమను తాము కోయ్‌తోర్ అనుకుంటారు. గోండు అన్నది బయటివాళ్లు పిలిచిన పేరు. అది మన కొండ నుంచే వచ్చిందన్న ఊహ పాతదే, తేలిన సంగతి మాత్రం కాదు.

రెండోబెంచీ:
అయితే గోల్కొండ దగ్గర నయా ఖిలాలో ఉన్న ఆఫ్రికా బావోబాబ్ చెట్టు కూడా గోండ్వానా సాక్ష్యమేగా?

బొగ్గుబావి:
కాదు తమ్ముడూ. అది మనుషులు తెచ్చి నాటింది, వయసు వందల ఏళ్లే, కోట్లు కాదు. ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ బావోబాబులు ఉన్నాయి కదా అని ఖండాలకు అంటగట్టడం కూడా కుదరదు. వాటి కాయలు సముద్రంలో తేలుతూ పోయాయి.

గోదారిగట్టు:
అందుకే వలస అనే మాటను పూర్తిగా పారేయకండి. దక్షిణ అమెరికా కోతులను చూడండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. కోతులు అక్కడికి చేరింది అంతకు చాలా తర్వాత, 3.5 కోట్ల ఏళ్ల ప్రాంతంలో. బహుశా కొట్టుకుపోయే చెట్ల తెప్పల మీద. ఇది వేరుపడటం కాదు, వలసే. శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కొట్టుకున్నదీ దీని మీదే. రెండుచోట్లా బంధువులు కనిపిస్తే పంపకమా, ప్రయాణమా? కాలం లెక్క కట్టకుండా చెప్పలేం.

మూడో రకం కూడా ఉంది. శేషాచలం అడవుల్లో జాలారి చెట్టు చూసే ఉంటారు, గుగ్గిలం కుటుంబం. ఆ కుటుంబం ఆఫ్రికాలో పుట్టి, మన ముక్క ఎక్కి, అది ఆసియాను తాకాక దిగి ఆగ్నేయాసియా అడవులను నింపిందని పుప్పొడి శిలాజాలు చెబుతున్నాయి. రెక్కలున్న కాయలే, కానీ సముద్రం దాటేంత ఎగరలేవు. సగం రైలు, సగం నడక. దీనికి ఒకే మాట దొరికితే నాకూ చెప్పండి.

పలకాబలపం:
ఇలా మార్చాను: "నేల చీలింది. ఒకే కుటుంబం కప్పలు వేరుపడ్డాయి. ఒక పాయ మన ముక్కతో ఇటు వచ్చింది, ఒక పాయ సీషెల్స్‌లో ఉండిపోయింది." దాయాదులు మాత్రం తీసేశాను, మ్యాచ్ గొడవ మనకెందుకు.

మా నాన్నగారు ఓకే అన్నారు. "పాయ బావుంది" అన్నారు.

బొగ్గుబావి గారూ, ఆ పలక ఫోటో పెట్టగలరా?

బొగ్గుబావి:
అది అమ్మ దగ్గర ఉంది. దసరాకి ఊరెళ్లినప్పుడు తీస్తాను. మళ్లీ తలుపుకి అడ్డం పెట్టకుండా ఉంటే.