మనాలి పూలమీది సీతాకోకచిలుకలు మన మిద్దెతోటకు వస్తాయా?

ప్రశ్న (మిద్దెతోట సాగుదారు, హనుమకొండ)

గత మే నెలలో మనాలి వెళ్లినప్పుడు మేము బస చేసిన ఇంటి ముందున్న పూలమళ్లలో, ఎండ పడగానే నారింజ రంగు సీతాకోకచిలుకలు వాలి, రెక్కలు పూర్తిగా పరచి కాసేపు కదలకుండా కూర్చుని, ఆ తరవాతే పూలలోకి తొండం దించడం మూడు రోజులపాటు చూశాను. రెక్కలు ముడిస్తే ఎండిన బెరడులా నల్లగా కనిపించేవి. వాటిని ఇండియన్ టార్టాయిస్‌షెల్ అంటారని ఇంటివారు చెప్పారు. తిరిగి వచ్చాక అక్కడ చూసిన జీనియా, బంతి మా మిద్దెమీద వేశాను. పూలు విరగబూశాయి గాని అటువంటి సీతాకోకచిలుక ఒక్కటీ రాలేదు. కొండల సీతాకోకచిలుకలు మన తోటలకు రావాలంటే ఇంకేం పెంచాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, కరీంనగర్)

మీరు పూలను తెచ్చుకున్నారు, కాని ఆ సీతాకోకచిలుకను అక్కడ నిలిపే ఆకు వేరే ఉంది. మకరందం ఏ పూవులో దొరికినా తాగుతుంది. గుడ్లు మాత్రం తన పిల్ల తినగలిగే ఆకుమీదే పెడుతుంది. ఇండియన్ టార్టాయిస్‌షెల్ గొంగళిపురుగు తినేది హిమాచల్‌లో బిచ్చూ బూటీ అని పిలిచే మొక్కను. మన దూలగొండిలా అది కూడా ఒంటికి తగిలితే మంట పుట్టిస్తుంది. ఆ మొక్క తెచ్చి నాటినా, సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్న మనాలి చల్లదనాన్ని మే నెలలో 44 డిగ్రీల వరకు పోయే మన ఎండలో కల్పించలేము. రెక్కలు పరచి కూర్చోవడం కూడా ఆ చలి వల్లనే, ఎగరడానికి కావలసినంత వేడి రెక్కల కండరాలకు ఎక్కేవరకు ఎండ కాగుతుంది.

అయితే నిరాశపడనవసరం లేదు. దానికి దగ్గరి చుట్టమైన పెయింటెడ్ లేడీ అటు హిమాలయాల్లోనూ ఇటు మన మైదానాల్లోనూ కనిపిస్తుంది. అది చాలా దూరాలు వలసపోయే సీతాకోకచిలుక, దాని గొంగళిపురుగు ఒక్క ఆకుకే కట్టుబడకుండా ఎన్నో రకాల మొక్కలు తింటుంది. నారింజ రంగు రెక్కల కొసలు నల్లగా ఉండి, ఆ నలుపుమీద తెల్లని మచ్చలుంటే అదేనని గుర్తుపట్టవచ్చు. దానికోసం జీనియా ఉంచండి. బంతిలో మాత్రం ముద్దబంతి కాకుండా ఒంటిరేకు బంతి వేయండి, ఎందుకంటే ముద్దబంతిలో రేకులు కిక్కిరిసి తొండానికి మకరందం అందదు.

జవాబు (రైతు, ములుగు జిల్లా)

పూలులేని చోట కూడా సీతాకోకచిలుకలు గుమిగూడతాయని ఈ సందర్భంలో చెప్పాలనిపించింది. మేము వరికి ముందు పచ్చిరొట్ట ఎరువుగా జనుము వేస్తాము. ఒక ఏడాది కోసి గట్టుమీద వేసిన జనుము వాడిపోయిన తరవాత, నల్లని రెక్కలమీద లేతనీలి చారలున్న సీతాకోకచిలుకలు పదుల సంఖ్యలో ఆ కట్టెలను పట్టుకుని వేలాడుతూ కనిపించాయి. పక్కనే గడ్డిచామంతి పూసి ఉన్నా దాని వైపు పోలేదు. అది ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

జవాబు (ఉపాధ్యాయురాలు)

మీరు చూసినవి బ్లూ టైగర్ జాతివి, వాటిలో ఎక్కువగా మగవే అయి ఉంటాయి. జనుములోనూ, కాయ ఎండితే గలగలలాడే గిలిగిచ్చలోనూ, తేలుకొండిలా పూలగుత్తి వంగి ఉండే నాగదంతిలోనూ చేదైన ఆల్కలాయిడ్లనే రసాయనాలు ఉంటాయి. మగ సీతాకోకచిలుక వాటిని పీల్చి, ఆడదాన్ని ఆకర్షించే వాసనను తయారుచేసుకుంటుంది. ఆ చేదువల్ల పక్షులు కూడా దాని జోలికి పోవు. హనుమకొండవారు అడిగిన కొండల సంగతికి ఇది దగ్గరిది. దక్షిణాదిలో బ్లూ టైగర్లు, కామన్ క్రో అనే మరో రకం సీతాకోకచిలుకలు నైరుతి రుతుపవనాలకు ముందు పడమటి కనుమలు వదలి తూర్పు మైదానాలకు తరలి, వానలు తగ్గాక వెనక్కి మళ్లుతాయి. మిద్దెమీద ఒక కుండీలో నాలుగు జనుము మొక్కలు పెంచి, పూత అయ్యాక పీకేయకుండా అలాగే ఎండనివ్వండి.

ప్రశ్న అడిగినవారు

జనుము ఈ వారమే చల్లుతాను, మేడమ్. మీ మొదటి జవాబు చదివాక మరొక విషయం మనసును కలచివేసింది. మా కరివేపాకుమీద పక్షి రెట్టలా కనిపించే పురుగులను ఏడాదిగా వేపనూనె కొట్టి చంపుతున్నాను. అవి కూడా సీతాకోకచిలుకలవేనా?

జవాబు (ఉపాధ్యాయురాలు)

అవునండీ, నిమ్మ, కరివేపాకులమీద పెరిగే నిమ్మ సీతాకోకచిలుకవో, కామన్ మార్మన్‌వో అవుతాయి. పెరిగేకొద్దీ ఆ పురుగు ఆకుపచ్చగా మారుతుంది. వంటకు ఒక చెట్టు ఉంచుకుని, మరొక కుండీలో కరివేపాకు వాటికోసం వదలండి. దొరికిన పురుగులను ఆకుతో సహా ఆ కుండీలోకి మార్చండి. దానిమీద, దాని పక్కనున్న పూలమీద వేపనూనె కొట్టకండి. బాగా ఎదిగిన పురుగు ఒకనాడు కనబడకపోతే పిట్ట తిన్నదని అనుకోకుండా, కుండీ అంచుల కింద, దగ్గరి కొమ్మల చాటున ప్యూపా కోసం (పురుగు సీతాకోకచిలుకగా మారేముందు కదలకుండా ఉండే గూడు దశ) వెతకండి. వారం పది రోజుల్లో, ఎక్కువగా ఉదయం పూట, రెక్కలు ఆరబెట్టుకుంటూ సీతాకోకచిలుక మీ కంటపడుతుంది.